ఎల్వుడ్ గుర్తు

అక్టోబర్ 3, సోమవారం

ఆర్డిత్ కూంబ్స్ గారింట్లో పని మొదలైంది. ఎనిమిది కిటికీలు. బిగించేవాళ్లు వేసవిలోనే కొత్తవి బిగించి వెళ్లారు. లోపలివైపు వాటి చుట్టూ చెర్రీ చెక్క పట్టీలు కొట్టడం నా పని. రంగు వద్దు, వట్టి నూనె పూత చాలంది ఆవిడ. అంటే మూలల్లో ఏటవాలుగా కోసిన రెండు పట్టీలు కలిసే చోట వెంట్రుకంత సందున్నా దాచడానికి వీల్లేదు. పుట్టీ పెట్టి రంగు పూసే ఇళ్లలో నేను మహారాజుని. ఇక్కడ కాదు.

ఈ నెల 28న లైబ్రరీ కమిటీ వాళ్లు ఈ ఇంటికొచ్చి నా పని చూస్తారు. నచ్చితే లైబ్రరీలోని నలభై ఒక్క కిటికీలూ నావి. నచ్చకపోతే రాయ్స్ టిబెట్స్‌వి. రాయ్స్, నేనూ ఒకే చోట పని నేర్చుకున్నాం. ఆర్డిత్ గారి భర్త ఎల్వుడ్ దగ్గర. ఎల్వుడ్ పోయి ఆరేళ్లయింది. అయినా వెర్మాంట్‌లో ఈ చుట్టుపక్కల ఎవరింట్లో మంచి అతుకు కనపడినా 'ఇది ఎల్వుడ్ చెయ్యి' అంటారు. నన్ను 'ఎల్వుడ్ శిష్యుడు డ్వైట్' అంటారు. నాకు యాభై ఆరేళ్లు. ఇంకా శిష్యుడినే.

అక్టోబర్ 7, శుక్రవారం

ముందు గదిలో రెండు కిటికీలు అయ్యాయి. రెండోదాని ఎడమ పైమూల నోరు తెరిచింది. అక్కడ గోడ ఉబ్బి ఉంది. పట్టీ సమంగా ఆనకుండా వాలుతోంది. ఇలాంటి చోట కోసేటప్పుడు పట్టీ కింద పేకముక్క పెట్టి కొంచెం ఎత్తాలని ఎల్వుడ్ చెప్పేవాడు. ఒకటి పెట్టాను. రెండు పెట్టాను. మూడోసారి కోసింది మొదటిసారి కంటే అధ్వాన్నం. సోమవారం చూసుకోవచ్చని మేకులు కొట్టేశాను.

కాఫీ ఇస్తూ ఆవిడ ఆ మూల వైపు ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు నచ్చలేదు.

అక్టోబర్ 10, సోమవారం

ఆ మూల మూసుకుపోయింది.

శనివారం వాన పడింది, చెక్క ఉబ్బిందేమో అనుకున్నాను. కానీ చెక్క ఉబ్బితే ఒక కొస మూసుకుని రెండో కొస తెరుచుకుంటుంది. ఇది ఈ కొస నుంచి ఆ కొస దాకా గోరు దిగకుండా ఉంది. అద్దం మీద గీత గీసినట్టుంది. దేవుడు దయతలిచాడా అంటే, నేను చర్చి గడప తొక్కి ఏళ్లయింది. నా కోసం ఆయన అంత శ్రమ పడడు.

అక్టోబర్ 11

మేకు తలలు చూశాను. నేను కొట్టింది మేకుల గన్‌తో. ఇవి సుత్తితో కొట్టినవి.

అక్టోబర్ 14, శుక్రవారం

వంటింట్లో రెండు కిటికీలు అయ్యాయి. రెండోదాని మూలని కావాలనే సందు పెట్టి వదిలేశాను. కావాలనే అని రాసుకుంటున్నాను గానీ అబద్ధం. మూల కలవలేదు. పట్టీ వెనక పెన్సిల్‌తో 'డ్వైట్, 14' అని రాసి మరీ కొట్టాను. ఎవడొస్తాడో చూద్దాం. ఈ ఇంటికి తాళం చెవులు రెండే. ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి నా దగ్గర.

అక్టోబర్ 17, సోమవారం, ఉదయం 10

మళ్లీ మూసుకుంది.

ఆవిడ పోస్టాఫీసుకి వెళ్లగానే పట్టీ ఊడదీశాను. వెనక నా రాత అలాగే ఉంది, పట్టీ మారలేదు. కానీ కోసిన అంచుని వెనకవైపు ఉల్లిపొరంత మందాన చిత్రిక పట్టారు. ముందువైపు ముట్టుకోలేదు. నా రాత పక్కన కొత్తగా పెన్సిల్ గీతలు. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో చుక్క.

అది ఎల్వుడ్ గుర్తు.

ఏ పట్టీ ఏ పట్టీకి జతో తెలియడానికి మా పనివాళ్లలో ఒక్కొక్కడికి ఒక్కో గుర్తుంటుంది. ఇంకొకడి గుర్తు వాడటమంటే ఇంకొకడి పళ్ల బ్రష్ వాడటమే. ఎవరూ చెయ్యరు. ఎల్వుడ్‌ని పాతిపెట్టిన రోజు శవపేటికకి ఒక పక్క నేను భుజం పట్టాను. చచ్చినవాడు లేచొచ్చి నా కిటికీలు సరిచేస్తున్నాడని నమ్మేంత వెర్రివాణ్ణి కాదు. అయినా ఆ గీతల్ని ఇంకోసారి వేలితో తడిమి చూశాను. ఆవిడ కారు చప్పుడు వినపడేసరికి పట్టీ తిరిగి కొట్టేసి ఈల వేస్తూ నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం 5

ఆ గుర్తు బాగా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకణ్ణి నేను. రెండోవాడు రాయ్స్.

ఎందుకు చేస్తాడో కూడా అర్థమైంది. కమిటీ వచ్చిన రోజు వాడూ వస్తాడు. పట్టీలు ఊడదీసి వెనక గుర్తు చూపిస్తాడు. డ్వైట్ వల్ల కాక వదిలేసినవన్నీ నేనే సరిచేశాను, చూడండి అంటాడు. లైబ్రరీ వాడిది. ఊరంతా ఏడాదిపాటు నన్ను చూసి నవ్వుకుంటుంది. ఒక్కటే తేలలేదు. వాడు లోపలికి ఎలా వస్తున్నాడు?

అక్టోబర్ 19, బుధవారం

ఆవిడని కదిపి చూశాను. ఆదివారం ఇంటికెవరైనా వచ్చారా అని మాటల మధ్య అడిగాను. ఎవరొస్తారు అంది. రాయ్స్ ఎలా ఉన్నాడో, కనపడి చాలా రోజులైందన్నాను. ఎలా ఉంటాడు, లావెక్కాడు అంది. చూడకుండానే లావెక్కాడని ఎలా తెలుసు? శుభ్రంగా ఉన్న బల్లనే మళ్లీ తుడిచింది. బొటనవేలికి కట్టు ఉంది. బంగాళాదుంపలు తరుగుతుంటే తెగిందట.

ఇక అనుమానం లేదు. తాళం చెవి వాడికిచ్చింది ఈవిడే. పంతొమ్మిదేళ్ల వయసు నుంచి తొమ్మిదేళ్లు ఈవిడ వండిన చిక్కుళ్లు తిన్నాను. ప్రతి శనివారం, ఇదే బల్ల మీద. ఒక్క మాట నా మొహం మీద అనొచ్చుగా, నీకు చేతకాదు పొమ్మని. మధ్యాహ్నం కాఫీ వద్దన్నాను. ఒంట్లో బాలేదా అని అడిగింది. ఎంత నటనో.

అక్టోబర్ 21, శుక్రవారం

హార్డ్‌వేర్ కొట్లో రాయ్స్ దొరికాడు. మేకుల డబ్బాల దగ్గర పట్టుకుని, అందరూ వింటుండగా దొంగ అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయనవసరం లేదు, రేపటికల్లా ఊరు ఊరంతా చెప్పుకుంటుంది. రాయ్స్ లావెక్కిన మాట నిజమే. నేను అలిసిపోయేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఒరే డ్వైట్, ఆ అతుకు నాకు వచ్చుంటే నీ పేరు మీద ఎందుకు చేస్తానురా? నా ఇంట్లోనే కిటికీలకి సందులున్నాయి. మా ఆవిడ రోజూ దెప్పుతుంది."

వాడు డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి తూకానికి వేస్తూ ఇంకో మాట అన్నాడు.

"పోనీ ఒక్కటి చెప్పు. ఎల్వుడ్ మూల బిగిస్తుంటే నువ్వెప్పుడైనా కళ్లారా చూశావా? నేను చూళ్లేదు."

అక్టోబర్ 22

చూడలేదు. నేనూ చూడలేదు.

శుక్రవారం కాగానే ఇళ్లకి పొమ్మనేవాడు. మూలలు సందులతోనే ఉండేవి. సోమవారం వచ్చేసరికి అన్నీ మూసుకుని ఉండేవి. ఆదివారం ఆయన ఒక్కడే వెళ్లి చేసుకునేవాడని అనుకున్నాం. గొప్పవాళ్లు గుట్టు బయటపెట్టరని మాలో మేమే చెప్పుకునేవాళ్లం. ఒక్కడే కూడా కాదు. పనిచోట ఊడవడానికని ఆర్డిత్ గారు వెంట వెళ్లేది. ప్రార్థన ఎగ్గొట్టి చీపురు పట్టుకుపోతోందని పాస్టర్ ఆటపట్టించేవాడు. ఊడవడానికి నాలుగు గంటలు ఎందుకు పడుతుందని ఎవరూ అడగలేదు.

ఏదో పిచ్చి ఆలోచన వస్తోంది. రాయను.

అక్టోబర్ 23, ఆదివారం, మధ్యాహ్నం 12

పదిన్నరకి వెళ్లాను. వెనక తలుపు తీసే ఉంది.

భోజనాల గది కిటికీ దగ్గర నిలబడి ఉంది ఆవిడ. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ముక్కు మీద కళ్లజోడు, పెదాల మధ్య పేకముక్క. నేను శుక్రవారం కొట్టిన పట్టీ బల్లకి బిగించి ఉంది. చిన్న చిత్రికతో వెనక అంచు మీద మూడంటే మూడు తోపులు తోసింది. కిటికీకి ఆనించింది. గోరుతో తడిమింది. ఇంకొక్క తోపు. అంతే. నేను రోజంతా తిట్టుకున్న మూల కళ్లముందే కలిసిపోయింది.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పేకముక్క నోట్లోంచి తీసి, "తలుపు వెయ్యి, చలొస్తోంది" అంది.

ఎల్వుడ్ సంగతి అడిగాను.

"ఆయన మంచి మనిషి. కొలతలు తప్పేవాడు కాదు. మూలలు మాత్రం ఆయన వల్ల కాలేదు. మా నాన్న శవపేటికలు చేసేవాడు, డ్వైట్. వాటికి సందులుంటే ఒప్పుకోరు."

ఆ గుర్తు కూడా ఆవిడదే. పెళ్లికి ముందు నుంచీ ఆవిడదే.

నా పనిలో ఎందుకు వేలు పెట్టారంటే, పొద్దున్నే ఆ మూలల్ని చూస్తూ కాఫీ తాగలేకపోతున్నానంది. నీ మీద కోపమేం లేదంది. నాకు సిగ్గేసింది. తర్వాత ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు గురువు కానివాణ్ణి గురువనుకుని, అసలు గురువు చేతి వంట తిని, గిన్నె కూడా కడక్కుండా లేచి వెళ్లాను. వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దు, ఆ పేరు పోయినాయనది, దాన్ని ముట్టుకోవద్దంది. సరేనన్నాను.

అక్టోబర్ 25, మంగళవారం

నేర్పుతోంది. కఠినాత్మురాలు. ఎల్వుడ్ ఎప్పుడూ ఇంత తిట్టలేదు. పేకముక్క పెట్టాల్సింది పట్టీ కొస కింద కాదట, బయటి అంచు కింద, పొడుగునా. మూడు ముక్కలెందుకు, జూదమాడతావా అంది. మిగతాది చిత్రికతోనే తియ్యాలట. కళ్లతో చూడకు, గోరుతో చూడు అంది. ఏడు పాడుచేశాను. ఎనిమిదోది ఫరవాలేదంది.

ఇంటికొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇన్నేళ్లలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

అక్టోబర్ 27

మొత్తం ఎనిమిది కిటికీలు. నాలుగు ఆవిడవి. మూడు సులువైనవి, అక్కడ గోడలు తిన్నగా ఉన్నాయి. మేడ మీద ఒక్కటి, కష్టమైనదే, నా చేత్తో నేను సాధించింది.

నోరు మూసుకుంటే లైబ్రరీ వస్తుంది. అక్కడి గోడలన్నీ ఉబ్బినవే. నలభై ఒక్క కిటికీలకి ఈవిడ ఆదివారాలు దొంగతనంగా రావాలి, పేరు నాకు రావాలి. రెండో ఎల్వుడ్‌ని అవుతాను. నోరు విప్పితే ఇచ్చిన మాట తప్పినవాణ్ణి.

అక్టోబర్ 28, శుక్రవారం

కమిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. మేడ మీద కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, బాగుందని కిందికి దిగారు. ముందు గదిలో మాత్రం పావుగంట నిలబడ్డారు. కమిటీ పెద్ద హొలిస్ బ్రాకెట్ ఆ మూల మీద వేలు రాసి, కళ్లు తుడుచుకున్నంత పని చేశాడు. అచ్చం ఎల్వుడ్ చెయ్యి, శిష్యుడంటే ఇలా ఉండాలన్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. కప్పుల్లో కాఫీ పోస్తోంది. తలెత్తలేదు. ఒక్క చుక్క ఒలకలేదు.

ఆ ఒలకకపోవడం చూసి ఉండబట్టలేకపోయాను. ఎన్ని ఇళ్లలో ఇలాగే కాఫీ పోస్తూ ఈ మాటలు విని ఉంటుంది.

"అది ఎల్వుడ్ చెయ్యి కాదండీ. ఎప్పుడూ కాదు. ఈవిడ చెయ్యి. నాదీ కాదు."

ఆవిడ కాఫీ కూజా బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. కమిటీ వాళ్లు డోనట్లు సగంలో వదిలేసి వెళ్లిపోయారు. తలుపు అవతల నుంచి పిలిచాను, క్షమించమన్నాను. పలకలేదు. పనిముట్లు సర్దుకుని వచ్చేశాను.

అక్టోబర్ 31

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

నవంబర్ 2, బుధవారం

రాయ్స్ ఇంటికి వెళ్లి, అన్న మాటలకి క్షమాపణ చెప్పాను. జరిగిందంతా చెప్పాను. గడ్డం గోక్కున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ మనిద్దరం ఎవరి శిష్యులంరా?" అన్నాడు.

నవంబర్ 4

ఊళ్లో సగం మంది నేను పిచ్చివాణ్ణంటున్నారు. మిగతా సగం ఇళ్లలో పట్టీలు ఊడదీసి వెనక గుర్తు చూసుకుంటున్నారు.

నవంబర్ 7, సోమవారం

కమిటీ ఉత్తరం వచ్చింది. పని ఇస్తారట, నాకూ ఆర్డిత్ గారికీ కలిపి, ఆవిడ ఒప్పుకుంటేనే. ఆవిడకీ ఒక ఉత్తరం పంపారట.

నాలుగింటికి ఫోన్ మోగింది. పలకరింపు లేదు. లైబ్రరీలో పొద్దున ఎన్నింటికి మొదలుపెడతావని అడిగింది. ఏడింటికన్నాను. ఆరింటికి రమ్మంది.