కళ్లెం గుంజమన్నది నేనే

ఆదివారం, హుజూరాబాద్

నా బిడ్డ సరిత పులి! పట్టలేని సంతోషంతో రాస్తున్నాను.

పెళ్లి ఊరేగింపుల్లో ఆడించే మా గుర్రం బాద్షా మీద పొద్దున సరిత స్వారీ నేర్చుకుంటుంటే, ట్రాక్టర్ హారన్‌కు అది బెదిరి ఉరికింది. "కళ్లెం గుంజు బిడ్డా, గట్టిగ గుంజు!" అని అరిచాను. గుంజింది. గుర్రం ముందుకాళ్లెత్తి నిలువునా లేచి ఆమెను రాళ్ల మీదికి విసిరేసింది. నుదురు పగిలి నెత్తురు కారింది. నేను కొరడా తీసి దాని మూతి చీరుకుపోయేలా బాదాను.

సరిత లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆగు బాపూ! కళ్లెం గుంజితే బ్యాండుకు ముందుకాళ్లు లేపుడు దానికి నేర్పింది నువ్వు గాదా? నేను గుంజిన, అది లేచింది. దాని తప్పేంది?"

నెత్తురు తుడుచుకుని మళ్లీ ఎక్కింది. కళ్లెం వదులు చేసి, జీనులో బరువుగా కూర్చుని, గుర్రాన్ని గుండ్రంగా తిప్పింది. ట్రాక్టర్ వాడిని మళ్లీ హారన్ కొట్టమంది. గుర్రం వణికింది గానీ కాళ్లెత్తలేదు. "చూసినవా బాపూ!" అని నవ్వింది. ముప్పై ఏళ్లుగా గుర్రాలతో బతికిన నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇంటికొచ్చాక బాద్షా మూతికి పసుపు రాయబోయాను. నా చెయ్యి కనబడగానే అది కళ్లు గట్టిగా మూసుకుంది.