వర్జ్యం దాటేదాకా

1997, కార్తీకమాసం, మంగళవారం రాత్రి. అమలాపురం ఆసుపత్రి.

సత్యవతీ, నా దస్తూరీ బాగోదు, తప్పులు కూడా ఉంటాయి, ఏమనుకోకు. నోటితో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. అందుకే నీతో చెప్పాల్సింది ఈ డైరీలో రాస్తున్నాను.

పొద్దున కొబ్బరి కోరుతుండగా నీ కుడిచేతిలోంచి చిప్ప జారిపోయింది. మూతి ఒక పక్కకి పోయింది. నన్ను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. నేను ఆటో కోసం బయల్దేరబోయాను. మీ అన్నయ్య గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"వర్జ్యం నడుస్తోంది బావగారూ. అది దాటేక వెళ్దామండి. ఈలోగా నూనె రాయించండి, వాతం అదే దిగిపోద్ది."

"ఆయ్" అన్నాను. ఆయనకి ఎదురు చెప్పగలిగింది ఇంట్లో నువ్వొక్కదానివే. నువ్వేమో ఎడమచేత్తో నా పంచె లాగుతూనే ఉన్నావు.

ఇక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నీ మాట పూర్తిగా పోయింది.

"మూతి వంకర పోగానే తీసుకురావాలి కదండీ! ఇంతసేపు ఏం చేసేరు?" అంది డాక్టరమ్మ.

"వర్జ్యం అండీ."

"మెదడుకి రక్తం ఆగేటప్పుడు వర్జ్యం చూసుకుని ఆగిందాండీ? బీపీ మాత్రలైనా వేసుకుంటున్నారా?"

ఒంట్లో బాగానే ఉందని నువ్వు వాటిని మానేశావని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి నీ మంచం వైపు వెళ్ళిపోయింది. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

మాట తిరిగి వస్తుందో లేదో చెప్పలేమన్నారు. మీ అన్నయ్య వరండాలో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. ఇప్పుడు కూడా నేను ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

తెల్లవారగానే ఇది నీకు చదివి వినిపిస్తాను. తొందరగా బదులు చెప్పు సత్యవతీ. నన్ను తిట్టినా సరే.