పారు గుట్టు

నవంబరు 3
రేపే క్లాసులు మొదలు. కాలేజీ వాళ్ళు ఇచ్చిన హాల్లో ఫ్యాన్లు తిరుగుతాయి, ప్రొజెక్టరు వెలగదు. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. కూర్చోలేను, నిలబడలేను. పరిశోధనలో ఇప్పుడిప్పుడే అడుగుపెట్టిన పిల్లలు. నీటి వేడి, ఉప్పదనం, అలల ఎత్తు — తీరంలో కొలిచిందంతా ఎవరికి వాళ్ళు కంప్యూటర్లో దాచుకుంటారు. దాచకండి, నెట్‌లో అందరికీ అందేలా పెట్టండి అని నేర్పాలి. ఒక్క ఫైలు కోసం ఒకప్పుడు నేనొక ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఇవ్వలేదు. ఆ కోపం ఇంకా కడుపులోనే ఉంది. పాఠం చెప్పేది ఆ కోపమే.

నవంబరు 4
ప్రొజెక్టరు వెలిగింది! బల్ల గుద్ది మరీ చెప్పాను — సగం తెరిచిన డేటా అంటే మూసిన డేటానే అని. అందరూ రాసుకున్నారు.

ఇంటికొస్తే ఈయన వెటకారం. "మా బెల్లం కొట్లో ఏ ఊరి రైతు మంచి సరుకు తెత్తాడో పక్క కొట్టోడికే సెప్పం. నువ్వు సముద్రం గుట్టంతా సెప్పేత్తన్నావు." పోట్లాడాను. అన్నం చల్లారిపోయింది.

నవంబరు 6
క్లాసులో అప్పలరాజు అనే కుర్రాడి డేటా చూశాను. రాంబిల్లి వైపు ఒక పల్లె అతనిది. మేనమామ నూకరాజు గారి పడవ మీద గేలం తాడుకి చిన్న సెన్సార్ కట్టి, ఏడాదిపాటు అడుగు నీటి వేడి కొలిచాడు. వేటకి వెళ్ళిన ప్రతి రోజూ, కొలిచిన చోటుతో సహా. ఇలాంటిది ఈ తీరంలో ఇంకెవరి దగ్గరుంది? నాకు చేతులు ఆగలేదు. రేపు క్లాసులో అందరి ముందూ దీన్నే అప్‌లోడ్ చేద్దాం అన్నాను.

నసిగాడు. "మామని ఓపాలి అడిగొత్తాను మేడమ్."

సెన్సార్ కట్టుకోడానికి ఒప్పుకున్నారుగా, ఇంకా అడిగేదేమిటి — అన్నాను. నా నోరే నోరు.

నవంబరు 7
డేటా దాచే వెబ్‌సైటులో పెట్టేశాం. చప్పట్లు. పేజీ మీద అతని పేరు, పక్కన ఎప్పటికీ మారని నంబరు. అతను మాత్రం నవ్వలేదు.

నవంబరు 8
పొద్దున్నే ఫోను. "మేడమ్, మామ ఒప్పుకోట్లేదు. అందులో పారు ఉంది కదా."

పారు — నీళ్ళ కింద రాతిగట్టు, చేప చేరే చోటు. ఆ మాట నేను విననిది కాదు. మ్యాపు తెరిచి చుక్కలు పెట్టి చూశాను. ఏడాది చుక్కలన్నీ ఒక్కచోటే గుంపు కట్టాయి. చిన్నపిల్ల చూసినా వేలు పెట్టి చూపిస్తుంది, ఇదిగో ఇక్కడే అని.

నాకెందుకు కనపడలేదు? నీటి వేడి ఒక్కటే చూశాను. సిగ్గుగా ఉంది.

నవంబరు 9
అప్పలరాజుని వెంటబెట్టుకుని వాళ్ళ పల్లెకి వెళ్ళాను. నూకరాజు గారు వల బాగుచేసుకుంటున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మా నాన సూపించేడమ్మా, నాకూ మా తమ్ముడికీ. ఇంకెవులికీ తెల్దు. దూరాన ఇంకో బోటు అవుపడితే గేలాలు పైకి లాగేసి, ఇంజను సెడిపోయినట్టు కూకుంటాం."

టీ పట్టుకొచ్చిన ఆయన భార్య కసిరింది — "అయి కూడా సెప్పేత్తావేటి మేడమ్‌కి!" నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వేశారు. తర్వాత మళ్ళీ వల మీదికి వంగి, "సదువుకి పనికొత్తాదంటే నీల్ల వేడి ఎంతన్నా ఇచ్చుకోండి. సోటు మాత్రం వద్దు" అన్నారు.

మాట ఇచ్చాను.

నవంబరు 10
చోటు చూపే అంకెల్లో చివరి దశాంశాలన్నీ కోసేశాం. ఇప్పుడు చుక్కలన్నీ ఒక పెద్ద గడిలో పడతాయి, అందులో పారు ఎక్కడో ఎవరికీ తెలియదు. వెర్షన్ రెండుగా పెట్టాం. అమ్మయ్య.

క్లాసులో ఒక అమ్మాయి లేచింది. "సగం తెరిచింది మూసిందే అన్నారు కదా మేడమ్?" అవును, అన్నాను, తప్పుగా అన్నాను, కొట్టేసుకోండి అని చెప్పాను. కొందరు కొట్టేశారు. ఆ అమ్మాయి కొట్టేయలేదు.

నవంబరు 12
వాన. బట్టలు ఆరలేదు. బుర్రా ఆరలేదు.

నవంబరు 14
ఇవాళ వెర్షన్ల పాఠం. పాత వెర్షన్ ఎక్కడికీ పోదు, మనం తుడిచేయలేం, అదే దాని నిజాయితీ — నా స్లైడు మీద పెద్ద అక్షరాల్లో. చదువుతూ చదువుతూ ఆగిపోయాను.

అందరినీ టీకి పంపేసి అప్పలరాజు పేజీ తెరిచాను. కింద చిన్నగా... వెర్షన్ ఒకటి. నొక్కితే వచ్చేసింది. దశాంశాలతో సహా, పారు పారంతా. ఏళ్ళుగా చెబుతున్న పాఠం ఇది. నాకే తట్టలేదు!

పక్కన డౌన్‌లోడ్‌ల లెక్క — అప్పటికే ఎవరో దించుకున్నారు కూడా. నేను కాదు, అప్పలరాజు కాదు.

ఆ వెబ్‌సైటు వాళ్ళకి రాశాను. జవాబు — పరిశీలిస్తాం. డాబా మీదికీ కిందికీ తిరుగుతున్నాను.

నవంబరు 17
పాత ఫైలు మూసేశారు. దించుకున్నది ఎవరో మాత్రం వాళ్ళకీ తెలియదట. నూకరాజు గారికి చెప్పాలి. చెప్తాను... మూసేశారు కదా, ఇంకా చెప్పేదేముంది అని కూడా అనిపిస్తోంది. పిరికిదాన్ని.

నవంబరు 20
అప్పలరాజు క్లాసుకి రాలేదు. ఫోన్ చేస్తే, "పారు మీద యెవులిదో బోటుంది మేడమ్. నిన్నా ఉంది, ఇయాలా ఉంది."

అంతటితో అయిపోలేదు. నూకరాజు గారి లెక్కలో ఆ చోటు తెలిసింది అన్నదమ్ములిద్దరికే. తను చెప్పలేదు, చోటు బయటపెట్టనని నేను మాటిచ్చాను, కాబట్టి తమ్ముడే చెప్పేశాడని తేల్చేశారు. ఆ తమ్ముడు ఎర్రయ్య మందు పుచ్చుకుంటాడు, ఆ మత్తులో వాగేశాడని. "నా పడవెక్కకు" అన్నారట, అందరి ముందూ.

మా వల్లేనా? ఆ బోటు వాళ్ళకి తిరుగుతూ తిరుగుతూ తగిలిందేమో. ఫైలు దించుకున్నది ఏ దేశంలో చదువుకునే పిల్లో కావచ్చు. అవునో కాదో తెలుసుకునే దారే లేదు. పొద్దుట్నుంచీ ఇదే గొడవ బుర్రలో.

నవంబరు 21
నూకరాజు గారితో మాట్లాడతానంటే అప్పలరాజు బతిమాలాడు. "సెప్పకండి మేడమ్. నన్ను గుమ్మం తొక్కనివ్వడు. సెన్సార్ పీకి పారేత్తాడు. నా పీహెచ్‌డీ పోద్ది."

మరి మీ చిన్న మామ?

"అన్నదమ్ములు కదా, ఆలూ ఆలూ ఒకటైపోతార్లెండి."

అతన్ని ఏమనను? అడిగొస్తానన్నాడు. ఆగనిది నేను. నేను నోరు విప్పితే పోయేది అతని చదువు, నా చదువు కాదు. విప్పకపోతే చేయని తప్పుకి ఎర్రయ్య దొంగ. ఎటు తిరిగినా దెబ్బ నాకు తగలదు. అదే మింగుడు పడటం లేదు.

నవంబరు 22
ఈయన విసుక్కున్నారు. "ఎల్లు. ఎల్లి సెప్పేసి రా. నువ్విలా ఇల్లంతా తిరుగుతుంటే నాకు కల్లు తిరుగుతున్నాయి." వెటకారం లేదు ఈసారి. కాసేపటికి దగ్గరికొచ్చి, "ఆ కుర్రోడికి ఇంకో పడవ సూద్దాంలే" అన్నారు. ఎవరు ఎక్కించుకుంటారు, ఈ సంగతి తెలిశాక?

నవంబరు 23
నూకరాజు గారికి చెప్పేద్దామని వచ్చి, ఒడ్డునే కూర్చుని రాస్తున్నాను. పడవలు ఇంకా రాలేదు. అప్పలరాజు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. వస్తున్నానని అతనికి చెప్పలేదు.

కాస్త దూరంలో ఎర్రయ్య. వేరేవాళ్ళ వలలో చిక్కులు తీస్తున్నాడు, కూలికి. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మందు వాసన లేదు.

"మా అప్పలరాజు మేడమ్ కదా మీరు. మీ మాట ఇంటాడమ్మా మా అన్న. ఓ మాట సెప్పండి. నానెవులికీ సెప్పలేదు. మా నాన మీద ఒట్టు, సెప్పలేదు."

నాకు తెలుసు, అన్నాను.

అనేశాక గానీ తెలియలేదు ఏమన్నానో.

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

మొదటి పడవ కనిపించినట్టుంది, ఒడ్డున కేకలు. ఎర్రయ్య అటు చూడనైనా చూడలేదు. జవాబు చెప్పకుండా నేనిది రాస్తున్నాను. ఎదురుగానే నిలబడి ఉన్నాడు.