ఇత్తడి పిడుల మీద గీతలు

నంద్యాల

మద్దిలేటికి,

మీ అక్క చివరి రోజు పొద్దున కూడా హార్మోనియం ముందు కూర్చుంది. చూపు లేకపోయినా, నాదం మార్చే ఇత్తడి పిడుల మీది గీతలు తడిమి, కావలసిన పిడి లాగి వాయించింది. మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

ఆ గీతలు చూపు తగ్గుతున్నప్పుడు ఏ పిడి ఏదో వేళ్లకు తెలిసేలా తనే మేకుతో గీసుకున్నవి. "కండ్లు పోతే ఏందీ, వేళ్లు ఉండాయి గదా" అంది.

తను పోయాక నన్నడగకుండా నువ్వు హార్మోనియాన్ని ఆళ్లగడ్డలో వాద్యాలు బాగుచేసే ఖలీల్‌కు పాలిష్‌కిచ్చావు. "గీతలు పోతే కొత్తదాని మాదిరి ఉంటాది బావా, భజన మందిరానికి ఇచ్చేద్దాం" అన్నావు ఫోన్‌లో. ఇవ్వను. దాని మీద చెయ్యి వేయవద్దని ఖలీల్‌కు చెప్పాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వచ్చి, ఈ ఉత్తరం నీకిమ్మని ఖలీల్ చేతిలో పెట్టి, హార్మోనియాన్ని గీతలతోనే ఇంటికి తెచ్చుకుంటాను.

మీ బావ