కనకాంబరం మీద తెల్ల పురుగులు

12 ఫిబ్రవరి 1989, ఆదివారం. బ్లాక్‌టౌన్

కనకాంబరం కుండీ నిండా తెల్లటి పురుగులు. కొమ్మల మలుపుల్లో బూజులా పట్టాయి. పూలగుత్తి కింద కొన్ని పెద్దవి, ఒంటి నిండా దూదిపోగులతో గబగబా పాకుతున్నాయి. ఛీ, ఒళ్ళు జలదరించింది.

దీని విత్తనాలు మా అక్క శేషుకుమారి తెనాలి నుంచి ఉత్తరంలో పెట్టి పంపింది. పన్నెండు గింజలు. మొలిచింది ఒక్కటే. కిందటేడు అక్క పోయింది. టెలిగ్రాం అందేసరికే అంతా అయిపోయింది. నేను వెళ్ళలేదు. ఏడవనూ లేదు. ఎందుకో ఏడుపు రాలేదు.

సాయంత్రం 6

పక్కింటి స్టీవ్‌ని పిలిచి చూపించాను. చిన్నవి మీలీబగ్స్, అదే మన పిండినల్లి, స్ప్రే కొట్టెయ్యమన్నాడు. పెద్దవి తనెప్పుడూ చూడలేదట. మీ ఇండియా నుంచి వచ్చాయా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కంచె అవతలే అతని ద్రాక్ష తీగ ఉంది.

13, సోమవారం

ఈయన మండిపడ్డారు. విత్తనాలు అలా తెప్పించుకోవడం నేరమట. మొలిచినప్పుడు మురిసిపోయిందెవరో! సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి నెల కాలేదు, పీకి బిన్‌లో పడేసి నోరు మూసుకోమన్నారు. ఎవరడిగినా నర్సరీలో కొన్నానని చెప్పాలట.

పీకను అన్నాను.

14, మంగళవారం

చిన్నప్పుడు అక్క ఎండిన కనకాంబరం కాయని తడిపి నా చెవి దగ్గర పెట్టేది. అది ఠప్పుమని పేలితే నేను కెవ్వుమనేదాన్ని. మాల కట్టి పెద్ద ముక్క నాకిచ్చేది. అదేమంటే నీ జడ పొడుగే అనేది. వట్టి అబద్ధం. తన జడే పొడుగు.

15, బుధవారం

ఈయన మాట్లాడటం లేదు. మంచిదే.

16, గురువారం

స్టీవ్ తీగ చూసొచ్చాను. ఇంకా ఏమీ పట్టలేదు. రేపు పడితే? నా ఒక్క మొక్క కోసం నలుగురి తోటలు పాడుచేస్తానా? అక్కే ఉంటే నెత్తిన మొట్టేది. రేపు సెలవు పెట్టి కుండీని అగ్రికల్చర్ ఆఫీసుకి తీసుకెళ్తాను. ఈయనకి చెప్పను.

17, శుక్రవారం

ట్రైన్‌లో ఒళ్ళో కుండీ, సంచిలో పురుగులున్న పచ్చడి సీసా. అందరూ నన్నే చూశారు. చూడనీ.

ఆఫీసులో తెల్లజుట్టావిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిన్నవి మీలీబగ్సే, ఇక్కడ మామూలేనట. పెద్దవి ఈ దేశపు పెంకుపురుగు పిల్లలట. చూడటానికి వాటిలాగే ఉండి, వాటినే తింటాయట. మంచివట. విత్తనాలతో ఇవేవీ రాలేదని చెప్పింది. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మొక్క ఎక్కడిదని అడిగింది. నర్సరీ అన్న మాట నోటిదాకా వచ్చింది. అక్క పంపినదాన్ని కొన్నానని ఎలా చెప్పను? ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పాపం ఇబ్బంది పడింది. ఈసారికి వార్నింగేనట, కానీ మొక్క మాత్రం తిరిగి ఇవ్వలేనంది. మొక్క అప్పగిస్తున్నట్టు రాయమని ఫారం ఇచ్చింది. పంపినవారి పేరు రాశాను. చిరునామా దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంటి నంబరుతో సహా గుర్తుంది. కానీ అక్కడ అక్క లేదుగా.

కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడాది ఏడుపంతా ఏడ్చాను. ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంది.

18, శనివారం

అక్కా, మొక్క ఇచ్చేశానే. తిట్టాలనుంటే తిట్టు, వింటాను.