లాంచీలో రెండు ఉపవాసాలు

రాజమండ్రి, 2003. కార్తీక సోమవారం, రాత్రి.

హమ్మయ్య, గండం గడిచింది. మిల్లులో కొత్త మెషిన్ బిగించడానికి టర్కీ నుంచి వచ్చిన ఇంజనీరు గారికి ఈ సాయంత్రం గోదావరి మీద లాంచీలో విందు. ఏర్పాట్లన్నీ నా నెత్తినే పెట్టారు. నెట్ సెంటర్లో వాళ్ళ వంటకాలు ప్రింటు తీయించి, వంటాయన చేత కబాబులు, గోధుమరవ్వ పలావు చేయించాను. సన్నాయి మేళం కూడా పెట్టించాను.

ఐదింటికే వడ్డించేశాం. ఆయన పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నారు తప్ప మెతుకు ముట్టలేదు.

"ఏంటయ్యా, ఏం వండించావు?" అని మేనేజరు గారు ఉరిమారు.

"తెలీదండి, అంతా వాళ్ళ పద్ధతేనండి" అన్నాను.

పొద్దు గుంకగానే ఆయన జేబులోంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నారు. రంజాన్ ఉపవాసమట! పొద్దుటి నుంచి నేనూ ఉపవాసమే, చుక్క కనబడేదాకా తినను. అయినా ఆ ఆలోచనే తట్టలేదు. సిగ్గేసింది.

నా సంగతి చెబితే ఆయన పళ్ళెం పక్కన పెట్టేసి, నాతో పాటు ఆకాశం వెతికారు. కాసేపటికి "స్టార్! స్టార్!" అని అరుస్తూ చూపించారు. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఇద్దరం పంచుకున్నాం. సన్నాయికి ఆయన చప్పట్లు కొడుతుంటే మేనేజరు గారి మొహం విప్పారింది.

ఆయన చూపించింది చుక్కో, వంతెన మీద లైటో ఇప్పటికీ నాకు అనుమానమే. అమ్మ గుమ్మంలోనే అడిగింది, "చుక్క చూసే తిన్నావా?" అని.

"ఇద్దరం చూశామమ్మా" అన్నాను.