కునుకుమామను తీసేయండి

బుధవారం, పన్నెండో తారీకు

చిరంజీవి అల్లుడుగారికి మీ మామ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అత్తగారు, నా మోకాళ్లు ఉన్నంతలో బాగానే ఉన్నాం. అక్కడ మీరు, అమ్మాయి, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో అయితే మీరు మధ్యలో దూరి నచ్చజెబుతారు. అందుకని కాగితం.

మీరు చేసిన ఆట చూశాను. మొన్న పాప వచ్చినప్పుడు ఆడి చూపించింది. ఏం ఆటండీ అది? బొమ్మలన్నీ స్నానాలగది గోడకి పలకలు అంటించినట్టున్నాయి. కావాలనే అలా చేశారట. ముప్పై ఏళ్ల కిందటి ఆటలు అలాగే ఉండేవట, జనం మళ్లీ వాటికే ఎగబడుతున్నారట. అంటే బాగా చేయడం చేతనయ్యి కూడా చెడగొట్టడానికి మీకు రెండేళ్లు పట్టిందన్నమాట. ఇక ఆ పాట ఒకటే కుంయ్ కుంయ్, కుక్కపిల్ల తోక తలుపులో పడ్డట్టు.

ఆటలో పెట్టింది నేను పనిచేసిన పార్కేనట. అది మా పార్కా? టికెట్లిచ్చే ఆవిడకి మొహం లేదు, రెండు చుక్కలు. గుద్దుకునే బొమ్మకార్లు మీ దాంట్లో పేలిపోతాయి. నేను పనిచేసిన ఇరవై ఆరేళ్లలో ఒక్క కారూ పేలలేదు. జెయింట్ వీల్ సంగతి సరేసరి. గ్రీజు పెట్టేవాడు లేడు, బోల్టు బిగించేవాడు లేడు, పొద్దున్నే ఖాళీ తొట్లతో నాలుగు చుట్లు తిప్పి చూసుకునేది లేదు. మీ ఇంట్లో ఫ్యానులాగా తిరుగుతుంది, అంతే. దాని మీద గెంతుకుంటూ పోయే మీసాలాయన నేనట. మెడ లేదు. మనిషికి మెడ పెట్టడానికి చుక్కలు కరువయ్యాయా?

ఇవన్నీ పోనీండి. మీకు జీతం ఇచ్చేదే ఇలాంటివాటికి. నేను రాస్తున్నది ఆ ఆఖరి లెవెల్ గురించి. కునుకుమామ అని ఒకణ్ణి పెట్టారు. బ్రేకు లివర్ దగ్గర కుర్చీలో నోరు తెరుచుకుని గురకపెడుతుంటాడు. చక్రం వెనక్కి జారిపోతుంటే వాడి మీద ఐసుక్రీములు విసరాలి. తగిలితే పది పాయింట్లు. వాడు లేవడు. అప్పుడు మెడ లేని నేను దూకి, లివర్ లాగి అందరినీ కాపాడతాను, బాకాలు ఊదుతారు. పాప వాడి మొహాన పదిహేడు కొట్టింది. కొడుతూ, తాతా వీడు నిజంగా ఉండేవాడా అని అడిగింది. మీ అత్తగారు పడీపడీ నవ్వి, ఉండేవాడే, మీ తాతే గనక లేకపోతే ఆ రోజు అందరూ పోయేవాళ్లు అని చెప్పింది. నేను లేచి బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను.

ఆ మనిషిని తీసేయండి. వచ్చే శుక్రవారం ఆట అమ్మకానికి పెట్టేలోపు తీసేయండి. వాణ్ణి తీస్తే ఆటకి ముగింపే లేదని ఫోనులో అన్నారు. లేకపోతే పాయె. అంత గొప్ప ఆటకి అదొక్కటేనా లోటు? పైగా ఆ కథ మా పెళ్లి భోజనాల్లో మీరే కదా చెప్పారు అని నన్నే అన్నారు. చెప్పాను. పాప పుట్టినప్పుడూ చెప్పాను. నేను రిటైరైన రోజు మైకులో కూడా చెప్పాను. నోటితో చెప్పినవన్నీ తీసుకెళ్లి ఆటలో పెట్టమన్నానా?

ఆ బ్రేకు మనిషి బతికే ఉన్నాడు. లివర్ దగ్గర ఎప్పుడూ ఈల వేసేవాడు కాబట్టి మేమంతా ఈలాయన అనేవాళ్లం. మాకు రెండు వీధుల అవతల సైకిళ్లు బాగుచేస్తాడు. ఆయన మనవల చేతుల్లోనూ ఫోన్లుంటాయి. ఆటకి మా పార్కు పేరే పెట్టారు. ఐసుక్రీములు ఎవరి మొహాన విసురుతున్నారో వాళ్లకి తెలియదనుకున్నారా? మీ చదువులకి ఈమాత్రం తట్టలేదా?

తీయకపోతే మీకూ నాకూ మాటల్లేవు. ఆట తెరవగానే నా ఫోటో వేస్తామన్నారు, అదీ వద్దు.

ఇట్లు,
మీ మామ

తా.క. మడిచిన కాగితం మళ్లీ విప్పాను.

ఈలాయన నిద్రపోలేదు. ఆ రోజు ఒక స్కూలు స్కూలంతా వచ్చిపడింది. జనాన్ని ఎక్కించేవాడు ఇటు ఒక తొట్టి నింపితే దానికి ఎదురుగా అటు ఒకటి నింపాలి, బరువు సమం కావాలి. మొదటి రోజు నేర్పేది అదే. ఆ రోజు ఎక్కించేవాణ్ణి నేనే. త్వరగా తెములుతుందని వరసబెట్టి ఒకపక్కే నింపుకుంటూ పోయాను. బరువంతా ఒకవైపే పడుతోందిరా, ఆపరా అని ఈలాయన రెండుసార్లు అరిచాడు. నీ పని నువ్వు చూసుకోరా అన్నాను. చక్రం వెనక్కి జారింది. ఆయన ఒళ్లంతా వేసి లివర్‌కి వేలాడాడు. భుజం కీలు ఊడిపోయినా చెయ్యి వదల్లేదు. ఒక టీచరమ్మకి కాలు విరిగింది, మిగతావాళ్లంతా నడిచి ఇంటికి వెళ్లారు. ఆపింది ఆయనే. నేను నిలబడి చూశాను.

సాయంత్రం మేనేజరు అడిగితే వాడు కునుకు తీశాడండీ అని చెప్పాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, కాదనేవాళ్లు లేరు. ఆయన ఉద్యోగం పోయింది. నన్ను హెడ్ ఆపరేటర్ని చేశారు. అప్పటినుంచీ ఆయన కొట్టు ముందునుంచి పోలేక చుట్టూ తిరిగి మార్కెట్టుకి వెళ్తున్నాను.

కాబట్టి మీరు ఎవరినీ తీయక్కర్లేదు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టండి. పాపని నా మొహానే ఐసుక్రీములు విసరనివ్వండి. లివర్ పట్టుకునేది ఈలాయన. ఆయన పేరు వేయడానికి ఒప్పుకుంటాడో లేదో రేపు పొద్దున కొట్టుకి వెళ్లి నేనే అడుగుతాను.

ఈ ముక్క అమ్మాయికి చూపించకండి. ఆదివారం వచ్చి గుమ్మంలో నిలబడి నేనే చెబుతాను. విన్నాక రమ్మంటే లోపలికి వస్తాను.